బల్లలూ కుర్చీల లెక్కలో అడగని ప్రశ్న

పన్నెండవ తరగతి గణితం చదివినవారికి ఒక ఫర్నిచర్ వ్యాపారి బాగా పరిచయం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం ఆయనతోనే మొదలవుతుంది. ఆయన అమ్మేవి రెండే వస్తువులు: బల్లలు, కుర్చీలు. చేతిలో ఉన్న పెట్టుబడి 50,000 రూపాయలు. కొట్లో 60 వస్తువులకు మించి పట్టవు. బల్ల కొనాలంటే 2,500 రూపాయలు, కుర్చీ కొనాలంటే 500 రూపాయలు కావాలి. బల్ల మీద 250, కుర్చీ మీద 75 రూపాయలు లాభం వస్తుందని ఆయన అంచనా. కొన్నవన్నీ అమ్ముడుపోతాయనుకుంటే ఏవి ఎన్ని కొనాలి?

మీరు గ్రాఫు కాగితం తీస్తారు. డబ్బు నిబంధనకు ఒక గీత, చోటు నిబంధనకు ఒక గీత గీస్తారు. రెండు గీతలకూ లోపల మిగిలిన బహుభుజే సాధ్య ప్రాంతం. దాని మూలల్లో లాభం ఎంతో చూస్తారు. 20 బల్లలు మాత్రమే కొంటే 5,000 రూపాయలు. 60 కుర్చీలు మాత్రమే కొంటే 4,500 రూపాయలు. 10 బల్లలు, 50 కుర్చీలు కొంటే 6,250 రూపాయలు. సమాధానం కింద గీత గీసి, తరువాతి లెక్కకు వెళతారు.

ఇది మంచి లెక్క. రెండు వనరులు రెండు రకాలుగా బిగిస్తే ఏం జరుగుతుందో ఇంత తక్కువ అంకెలతో చూపడం తేలిక కాదు. డబ్బును బల్లలు ఎక్కువగా తింటాయి, చోటును మాత్రం బల్లా కుర్చీ సమానంగా తింటాయి. అందుకే ఏ ఒక్క వస్తువుకో అతుక్కుపోకుండా రెండింటినీ కలపాలి. ఈ కలపడాన్నే ఉత్పత్తి మిశ్రమం అంటారు. ఇక్కడ ప్రోగ్రామింగ్ అనే మాటకు కంప్యూటరు ప్రోగ్రామింగ్‌తో సంబంధం లేదు. దాని అర్థం ప్రణాళిక వేయడం. కనుక తెలుగులో దీన్ని రేఖీయ ప్రణాళిక అనవచ్చు.

ఇంత మంచి లెక్కను విమర్శించడం దేనికి? లెక్క తప్పని కాదు, చిన్నదనీ కాదు. సమాధానం రాగానే ఆగిపొమ్మని అది మనకు అలవాటు చేస్తుంది. ఆగిన చోటి నుంచే అసలు విషయం మొదలవుతుంది.

ఆ లెక్కలోనే దాగినవి

ముందు ఆ వ్యాపారి దగ్గరే కాసేపు ఉందాం. ఆయనకు ఎవరో 2,000 రూపాయలు అప్పు ఇస్తామన్నారనుకోండి. తీసుకోవాలా? పుస్తకం ఈ ప్రశ్న అడగదు. కాని జవాబు మీ చేతిలోనే ఉంది. కొట్లో చోటు పెరగలేదు కాబట్టి ఒక కుర్చీని తీసేసి దాని చోట ఒక బల్ల పెట్టాలి. అందుకు అదనంగా కావలసింది సరిగ్గా 2,000 రూపాయలు. లాభం 75 పోయి 250 వస్తుంది, అంటే 175 రూపాయలు పెరుగుతుంది. రూపాయికి 8.75 పైసలన్నమాట. సరుకు అమ్ముడయ్యే లోపు అప్పు మీద వడ్డీ రూపాయికి ఇంతకంటె తక్కువైతే తీసుకోవచ్చు, ఎక్కువైతే కూడదు.

చోటు సంగతి కూడా ఇలాగే తేలుతుంది. మరో 4 వస్తువులకు చోటు దొరికితే ఒక బల్ల మానుకుని 5 కుర్చీలు కొనవచ్చు. డబ్బు సరిపోతుంది. లాభం 250 తగ్గి 375 పెరుగుతుంది. మిగిలేది 125 రూపాయలు, అంటే ఒక్కో చోటుకు 31 రూపాయల 25 పైసలు. పక్క గదికి అద్దె ఎంతవరకు ఇవ్వవచ్చో దీనితో తెలిసిపోతుంది.

వనరు ఒక్క కొలత పెరిగితే లాభం ఎంత పెరుగుతుందో చెప్పే ఈ అంకెను ఛాయా ధర అంటారు. అది ఏ బజారులోనూ పలికే ధర కాదు. ప్రణాళిక లోపలి నుంచి పుట్టే ధర. ఒక తమాషా చూడండి. 50,000ను 8.75 పైసలతో గుణిస్తే 4,375 రూపాయలు. 60ని 31.25తో గుణిస్తే 1,875 రూపాయలు. రెండూ కలిపితే 6,250. వ్యాపారి లాభమంతా ఈ రెండు వనరుల మధ్య పైసా మిగలకుండా పంచుకుపోయింది. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి రేఖీయ ప్రణాళిక వెనుకా దాని జంట లెక్క ఒకటి ఉంటుంది, రెండింటి సమాధానమూ ఒకటే అవుతుంది.

'10 బల్లలు, 50 కుర్చీలు' అనే జవాబు ఆ ఒక్క రోజుకు, ఆ ఒక్క వ్యాపారికి పనికొస్తుంది. ఛాయా ధరలు మాత్రం ఆయన ఇకముందు ఎటు కదలాలో చెబుతాయి. పాఠం మొదటిదాన్ని ఇచ్చి రెండోదాన్ని దాచింది. ఇది నా మొదటి ఫిర్యాదు. రెండోది ఇంతకంటె పెద్దది. 'లాభం 250' అని ఒక అంకె తయారుగా మన చేతికి వచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చింది?

గుఢియారీలో ఒక షెడ్డు

కొని అమ్మే వ్యాపారికి ఈ ప్రశ్న అంతగా ఇబ్బంది పెట్టదు. అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే సరిపోతుంది. తయారుచేసి అమ్మేవాడికి అలా కుదరదు. పాఠ్యపుస్తకపు వ్యాపారికి ఊరు లేదు. మనం తీసుకునే తయారీదారుకు ఒక ఊరు ఇద్దాం.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో రైల్వే స్టేషన్‌కు ఒక వైపు నగరం, పట్టాలకు అవతలి వైపు గుఢియారీ. టోకు వ్యాపారానికి పేరుపడిన పేట. విజయనగరానికి రైలు మార్గం ఉన్న ఊరు కావడంతో రాయ్‌పూర్‌కు తెలుగువారి రాకపోకలు కొత్త కాదు. భిలాయి ఉక్కు కర్మాగారం దగ్గరే. నగరం చుట్టూ ఉర్లా, సిల్తరా పారిశ్రామిక ప్రాంతాల్లో ఇనుము, ఉక్కు పరిశ్రమలున్నాయి. రేకుతో పనిచేసే చిన్న షెడ్డును ఇలాంటి చోట ఊహించుకోవడం కష్టం కాదు. ఇది ఊహే సుమా! కింద వచ్చే షెడ్డు, మనుషులు, అంకెలు అన్నీ లెక్క కోసం కల్పించినవే.

ఈ షెడ్డులో ఇనుప బీరువాలు, ఎండాకాలపు కూలర్లకు రేకు పెట్టెలు తయారవుతాయి. మోటారు, పంపు వేరే వాళ్ళు బిగించుకుంటారు. ఒక్కో బీరువాకు 60 కిలోల రేకు, 8 గంటల పని పడుతుంది. ఒక్కో కూలర్ పెట్టెకు 20 కిలోల రేకు, 4 గంటల పని చాలు. వారానికి దొరికే రేకు 1,200 కిలోలు. పనివాళ్ళు నలుగురు. వారంలో ఆరు రోజులు, రోజుకు 8 గంటల చొప్పున మొత్తం 192 గంటలు.

బీరువా 7,500 రూపాయలకు అమ్ముడవుతుంది. కిలో 70 రూపాయల చొప్పున రేకుకు 4,200. తాళం, పిడులు, రంగు, వెల్డింగు రాడ్లు వగైరాలకు 1,800. మిగిలేది 1,500 రూపాయలు. కూలర్ పెట్టె 2,600కు పోతుంది. రేకుకు 1,400, తక్కిన సరుకులకు 600 పోగా మిగిలేది 600 రూపాయలు.

బీరువాల సంఖ్య బ, కూలర్ల సంఖ్య క అనుకుంటే మన నిబంధనలు ఇవి:

60బ + 20క ≤ 1200 (రేకు)
8బ + 4క ≤ 192 (పని గంటలు)

వీటికి లోబడి 1500బ + 600క వీలైనంత ఎక్కువ కావాలి. మూలలు చూడండి. 20 బీరువాలు మాత్రమే అయితే 30,000 రూపాయలు. 48 కూలర్లు మాత్రమే అయితే 28,800 రూపాయలు. రెండు గీతలు కలిసే చోట 12 బీరువాలు, 24 కూలర్లు. అక్కడ 18,000కు 14,400 కలిపి 32,400 రూపాయలు. రేకు ఒక్క కిలో మిగలదు, పని ఒక్క గంట మిగలదు.

ఇంతవరకు బల్లలూ కుర్చీల కథే. ఇప్పుడు యజమాని మేనల్లుడిని రంగంలోకి దింపుదాం. అతను కాలేజీలో బి.కాం. చదువుతున్నాడు. మావయ్య షెడ్డుకు మంచి చేద్దామని కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు.

కూలి ఎక్కడ రాయాలి?

మేనల్లుడు జాగ్రత్తపరుడు. మావయ్య చెప్పిన 1,500, 600 అంకెలు చూసి, ఇందులో కూలి ఏదీ అని అడిగాడు. నలుగురికీ వారానికి తలా 3,840 రూపాయలు ఇస్తున్నారు. 48 గంటలతో భాగిస్తే గంటకు 80 రూపాయలు. బీరువాకు 8 గంటలు, అంటే 640 రూపాయలు. 1,500లోంచి తీసేస్తే అసలు లాభం 860. కూలర్‌కు 4 గంటలు, 320 రూపాయలు. 600లోంచి తీసేస్తే 280. ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి! ప్రతి వస్తువు తన ఖర్చు తానే మోస్తోంది.

ఈ కొత్త అంకెలతో మూలలు మళ్ళీ చూశాడు. 12 బీరువాలు, 24 కూలర్లకు 10,320కు 6,720 కలిపి 17,040 రూపాయలు. 20 బీరువాలు మాత్రమే అయితే 17,200 రూపాయలు. ఉత్తమ మూల మారిపోయింది.

"మావయ్యా, కూలర్లు మానెయ్యండి. బీరువాలు ఇరవై చెయ్యండి. అదే లాభం" అన్నాడు.

"ఇరవై బీరువాలకు పని గంటలు ఎన్నిరా?"

"నూట అరవై."

"మరి మిగతా ముప్పై రెండు గంటలూ వాళ్ళు ఏం చెయ్యాలి?"

మేనల్లుడు తన కాగితం చూసుకున్నాడు. అందులో ఆ 32 గంటలకు ఖర్చు లేదు. కాని శనివారం సాయంత్రం మావయ్య చేతిలోంచి పోయేది 15,360 రూపాయలే, పని ఉన్నా లేకపోయినా. 20 బీరువాలు చేస్తే 30,000 వస్తుంది, జీతాలు పోగా 14,640 మిగులుతుంది. 12, 24 చేస్తే 32,400 వస్తుంది, జీతాలు పోగా 17,040 మిగులుతుంది. మేనల్లుడి సలహా వారానికి 2,400 రూపాయల నష్టం. లెక్కలో ఒక్క కూడిక తప్పు లేదు. గీతలు సరిగానే గీశాడు, మూలలు సరిగానే చూశాడు. తప్పంతా లెక్క మొదలు కాకముందే, 'లాభం' అని రాసిన చోట జరిగింది.

జీతం నెలకో వారానికో కట్టుబడి ఇచ్చేదైతే అది ఏ మూలను ఎన్నుకున్నా మారదు. మారనిదాన్ని వస్తువుల మీద పంచితే మారేదానిలా కనిపిస్తుంది. షెడ్డు అద్దె, కరెంటు కనీస చార్జీ, యజమాని పాత అప్పు వడ్డీ కూడా ఇలాంటివే. ఒక వస్తువు చేయకపోతే నిజంగా ఏ డబ్బు ఖర్చు కాకుండా ఆగుతుందో దాన్ని మాత్రమే ఆ వస్తువు ధరలోంచి తీసెయ్యాలి. అలా మిగిలినదాన్ని లాభం అనడం కంటె అద్దె, జీతాల వంటి ఖర్చులకు ఆ వస్తువు అందించే సాయం అనడం మేలు. పాఠ్యపుస్తకం 'లాభం' అనే ఒకే మాట వాడి ఈ రెండింటినీ కలిపేసింది. మన మేనల్లుడు ఆ మాటను నమ్మాడు.

డెబ్బై అయిదు రూపాయల గీత

ఇక్కడ మరొకటి గమనించండి. గంటకు 80 బదులు 70 రూపాయలు తీసి ఉంటే? బీరువాకు 940, కూలర్‌కు 320 మిగిలేవి. అప్పుడు 12, 24 మూలే గెలిచేది. సరిగ్గా 75 అయితే బీరువాకు 900, కూలర్‌కు 300. ఇది మూడింతలు. రేకు కూడా బీరువాకు మూడింతలే పడుతుంది. కనుక రెండు మూలలూ సమానం. 75 దాటితే జవాబు బీరువాల వైపు ఒరిగిపోతుంది.

ఈ 75 ఎక్కడిది? మొదటి లెక్కలో పని గంటకు ఛాయా ధర కట్టి చూడండి. పని గంటలు 192 నుంచి 200 అయ్యాయనుకుంటే కొత్త మూల 10 బీరువాలు, 30 కూలర్లు. మొత్తం 33,000 రూపాయలు. 8 గంటలకు 600 పెరిగింది, గంటకు 75. పనివాళ్ళు పెరిగితే బీరువాలు తగ్గడం వింతగా ఉంది కదూ! రేకు పెరగలేదు కాబట్టి రేకు తక్కువ తిని పని ఎక్కువ తినే కూలర్లే ఆ గంటలను వాడుకుంటాయి. ఇదే విధంగా కట్టితే రేకు ఛాయా ధర కిలోకు 15 రూపాయలు. కిలో 70 అయిన రేకు కోసం 85 రూపాయల దాకా పెట్టినా నష్టం లేదన్నమాట.

షెడ్డులో ఒక గంట పనికి లోపలి విలువ 75. ఆ గంటను 80 రూపాయలకు కొత్తగా కొనాలంటే దండగ. ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం దాన్ని ఖాళీగా వదలడమే దండగ. పుస్తకం దాచిన ఛాయా ధర మన చేతిలో ఉంటే మేనల్లుడి తప్పు ఒక్క చూపులో పట్టుబడేది. నా రెండు ఫిర్యాదులూ నిజానికి ఒకటేనని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కూలి రోజువారీ అయితే?

మేనల్లుడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ నలుగురు వారం జీతంవాళ్ళు కాకుండా, పని ఉన్నంతసేపే పిలిపించి గంటల లెక్కన కూలి ఇచ్చేవాళ్ళు అనుకోండి. అప్పుడు 80 రూపాయలు నిజంగానే ఆగే ఖర్చు. మేనల్లుడి లెక్కే సరైనది, 20 బీరువాలే ఉత్తమ ప్రణాళిక. అదే షెడ్డు, అదే రేకు, అవే చేతులు. కూలి ఒప్పందం మారితే ఉత్తమ మూల మారిపోయింది. ఇది గ్రాఫు కాగితం మీద కనిపించే విషయం కాదు. షెడ్డుకు వెళ్ళి అడిగితేనే తెలిసేది.

ఈ రెండో సందర్భంలో లాభం ఎవరికి, ఎంత? యజమానికి 17,040 బదులు 17,200 వస్తుంది. పెరిగింది 160 రూపాయలు. పనివాళ్ళకు 32 గంటల కూలి పోతుంది, అంటే 2,560 రూపాయలు. ఒకరికి 160 కలపడానికి నలుగురి దగ్గర 2,560 తీసే ప్రణాళికను మన లెక్క 'ఉత్తమం' అని పిలిచింది. అలా పిలవడంలో గణితం అబద్ధం చెప్పలేదు. మనం రాసిచ్చిన లక్ష్య ప్రమేయంలో పనివాళ్ళ ఆదాయం లేదు. లేనిదాన్ని అది చూడదు. 'ఉత్తమం' అన్న మాట వినబడగానే 'ఎవరికి?' అని అడగడం మీరు అలవాటు చేసుకోవాలి.

తప్పులను తూచడం కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. కూలి ఒప్పందం ఏదో మీకు సరిగ్గా తెలియదనుకోండి. 12, 24 అని చెప్పి పొరపాటైతే యజమాని పోగొట్టుకునేది 160 రూపాయలు. 20, 0 అని చెప్పి పొరపాటైతే పోగొట్టుకునేది 2,400. తెలియని చోట ఏ వైపు మొగ్గాలో చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

వాన పడ్డాక

జూలై వచ్చింది. వానలు పడ్డాయి. వారానికి 10 కూలర్లకు మించి అడిగేవారు లేరు. బీరువాలకు మాత్రం గిరాకీ ఉందనుకుందాం. 10 కూలర్లకు 200 కిలోల రేకు పోతే మిగిలిన 1,000 కిలోలతో పదహారు బీరువాలు, పదిహేడోదానిలో మూడింట రెండు వంతులు వస్తాయి! మూడింట రెండు వంతుల బీరువాను ఎవరూ కొనరు. పాఠ్యపుస్తకపు బల్లలూ కుర్చీల లెక్కలో మూలలు పూర్ణాంకాల మీదే పడటం లెక్క తయారుచేసినవారి దయ. నేను కల్పించిన షెడ్డులోనూ మొదటి మూల పూర్ణాంకాల మీదే పడింది, అదీ నా ఏర్పాటే. నిజం షెడ్డులో పదహారు చేసి, మిగిలిన రేకును వచ్చే వారానికి దాచుకుంటారు.

అసలు సంగతి వేరే ఉంది. 16 బీరువాలు, 10 కూలర్లకు పట్టేది 168 గంటలు. 24 గంటలు ఖాళీ. గంటలు మిగిలిపోతున్నాయి కాబట్టి మరో గంట వల్ల ఒరిగేదేమీ లేదు. పని గంట ఛాయా ధర ఒక్కసారిగా 75 నుంచి సున్నాకు పడింది.

సున్నా చూసి ఈ వారం పనివాళ్ళకు విలువ లేదని తీర్మానించేవారుంటారు. అది పెద్ద పొరపాటు. సున్నా అయినది మరో గంట విలువ మాత్రమే. ఉన్న గంటలన్నీ తీసేస్తే షెడ్డే ఉండదు. పైగా ఈ లెక్కకు ఒక వారం తప్ప మరేదీ తెలియదు. జూలైలో పంపేసిన వెల్డరు ఏప్రిల్‌లో, కూలర్ల గిరాకీ నెత్తిన కూర్చున్నప్పుడు, తిరిగి వస్తాడన్న హామీ లేదు. ఖాళీ గంటల్లో అతనికిచ్చే జీతం ఏప్రిల్‌కు కట్టే బయానా లాంటిది. వారం లెక్కలో అది నష్టం, ఏడాది లెక్కలో కాదు. ఎంత కాలానికి లెక్క వేస్తున్నామన్నది కూడా మనిషి నిర్ణయించేదే, గ్రాఫు కాదు.

మొదట పుట్టినప్పుడు ఇలా లేదు

లీనియర్ ప్రోగ్రామింగ్ పుట్టుకలోనే ఈ లోపం ఉందా అంటే, లేదు. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాలవారు లియొనీద్ కాంటొరోవిచ్ అనే యువ గణితాచార్యుడి దగ్గరకు ఒక చిక్కు తెచ్చారు. ఎనిమిది యంత్రాలు, ఐదు రకాల కలప. ఏ యంత్రం ఏ కలపను ఎంత వేగంగా ఒలుస్తుందో వేరువేరు. కావలసిన పాళ్ళలో అన్ని రకాలూ వస్తూ, మొత్తం ఉత్పత్తి అత్యధికం కావాలి. మన షెడ్డుకు అన్నగారి లాంటి సమస్య ఇది. కాంటొరోవిచ్ 1939లో దీనిమీద చిన్న పుస్తకం ప్రచురించాడు.

ఆయన పద్ధతికి ఆయువుపట్టు కొన్ని గుణకాలు. పరిష్కారక గుణకాలు అన్నాడు వాటిని. అవే మన ఛాయా ధరలు. కాంటొరోవిచ్ వాటిని లెక్క చివర తోకలా తగిలించలేదు. వాటి ద్వారానే ప్రణాళికకు చేరాడు. ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థలో వనరులకు విలువ కట్టడం అప్పట్లో సోవియట్ ఆర్థికవేత్తలకు రుచించలేదు. యుద్ధకాలంలో రాసిన ఆయన పెద్ద గ్రంథం 1959లో గాని వెలుగు చూడలేదు. 1975లో టి.సి. కూప్‌మన్స్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మరోవైపు అమెరికాలో, వైమానిక దళం ప్రణాళికల కోసం జార్జి డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతి రూపొందించాడు. జంట లెక్క సంగతి అదే ఏడాది ఆయనకు వివరించినవాడు జాన్ ఫాన్ నాయ్‌మన్. అంటే ప్రణాళిక, విలువ రెండూ మొదటినుంచీ కవలలు. బడి పుస్తకం ఒకరినే ఇంటికి తెచ్చింది.

తెలుగు పాఠకుడికి ఇది పరాయి శాస్త్రం కాదు. మన దేశంలో ఆపరేషన్స్ రీసెర్చ్ తొలి విభాగం 1949లో హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనశాలలో ఏర్పడింది. 'లీనియర్ ప్రోగ్రామింగ్' పేరుతో 1983లో వచ్చిన ప్రామాణిక గ్రంథం రాసిన కట్టా గోపాలకృష్ణమూర్తి తెలుగువాడు, మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. ఇక లెక్క చేసే పద్ధతులంటారా, 1979లో ఖచియాన్, 1984లో నరేంద్ర కర్మార్కర్ కొత్త దారులు వేశారు. లక్షల చలరాశుల లెక్కలను ఇవాళ యంత్రాలు విడదీస్తాయి. రెండు చలరాశుల గ్రాఫు గీయడంలో మనిషి నైపుణ్యం ఎవరికీ అవసరం లేదు. మనిషి అవసరమైనది గీత గీయడానికి ముందు, గీసిన తరువాత.

ఒక అభ్యంతరం

బడిలో ఇంత చెప్పడం సాధ్యమా, ముందు గీతలు నేర్చుకోనివ్వండి, కూలీ అద్దే సంగతి కామర్సు మేష్టారు చూసుకుంటారు అని మీ గణితం మేష్టారు అనవచ్చు. అందులో కొంత న్యాయం ఉంది. కాని నిజ జీవితంలోని చిక్కును నిబంధనలుగా, లక్ష్య ప్రమేయంగా రాయడమే ఈ పాఠంలోని గణితం. దాన్ని కామర్సుకు వదిలేస్తే గణితానికి మిగిలేది రెండు సరళరేఖల ఖండన బిందువు. అది తొమ్మిది, పది తరగతుల్లోనే వచ్చేసింది. 2022 నాటి పాఠ్యాంశాల కుదింపులో ఈ అధ్యాయం నుంచి తయారీ, ఆహారం, రవాణా సమస్యల విభాగాన్ని తొలగించారు. బరువు తగ్గించడానికి కండను కోసి, ఎముకను ఉంచినట్లయింది.

నేను కోరేది కొత్త అధ్యాయం కాదు. ఉన్న లెక్క కింద మూడు ప్రశ్నలు చేర్చితే చాలు. ఒకటి: ఈ వస్తువు ఒకటి తక్కువ చేస్తే నిజంగా ఏ డబ్బు ఆగుతుంది, ఏది ఆగదు? రెండు: ప్రతి వనరూ మరొక్క కొలత దొరికితే లాభం ఎంత మారుతుంది? మూడు: ఇచ్చిన అంకెలు ఎంతవరకు తప్పైనా జవాబు నిలుస్తుంది?

మూడో ప్రశ్నకు మన షెడ్డులో జవాబు చూడండి. కూలర్‌కు 600 మిగులుతున్నంత కాలం, బీరువాకు మిగిలేది 1,200 నుంచి 1,800 మధ్య ఎక్కడున్నా 12, 24 ఉత్తమ మూలే. రంగు ధర పెరిగినా, బేరంలో రెండు వందలు తగ్గించినా ప్రణాళిక చెదరదు. చిన్న తయారీదారు దగ్గర లెక్కలు పైసలతో సహా ఉండవు. ఉండనక్కరలేదని కూడా ఈ గణితమే చెబుతోంది. ఆయనకు ధైర్యం ఇచ్చేది ఇదే.

ఈ సెలవుల్లో మీకు తెలిసిన ఏ చిన్న కార్ఖానాకైనా వెళ్ళండి. పచ్చళ్ళ తయారీ కావచ్చు, దర్జీ దుకాణం కావచ్చు, ఇటుకల బట్టీ కావచ్చు. రెండు వస్తువులు, రెండు కొరతలు ఎంచుకోండి. గ్రాఫు కాగితం సంచిలోనే ఉంచి, ముందు ఒక్క మాట అడగండి: "ఈ వారం పని తగ్గితే మీరు ఎవరికి డబ్బు ఇవ్వడం ఆపుతారు?" ఆ జవాబు విన్నాక 'లాభం' అనే మాటను మీరు మునుపటిలా రాయలేరు. గీతలు గీయడానికి అప్పుడు కూర్చోండి.